ఇంజన్ పని అయ్యాక కారు స్టార్ట్ కాకపోతే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వెతకాలి

హెడ్డు దించారు, రింగులు మార్చారు, వాల్వులు గ్రైండింగ్ చేయించారు, అన్నీ మళ్లీ బిగించారు. ఆయిలూ కూలెంటూ పోసి ఊపిరి బిగబట్టి తాళం తిప్పారు. సెల్ఫ్ తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, బండి మాత్రం అందుకోవడం లేదు. ఆ టెన్షన్‌లో ఎవరైనా చేసే పని ఒకటే: మళ్లీ తాళం తిప్పడం. ఇంకోసారి. బ్యాటరీ దిగిపోయేదాకా ఇంకోసారి.

ముందు ఆ చెయ్యి ఆపాలి. టైమింగ్ (పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి పొంతనగా కదిలే లెక్క) తప్పిన ఇంజన్‌లో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ పిస్టన్లు వాల్వులకు తగిలే ప్రమాదం ఉంది. సిలిండర్లో కూలెంట్ నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చిన్న కనెక్టర్ మరిచిపోయినందుకు బండి స్టార్ట్ కాకపోతే పోయేదేమీ లేదు. కారణం తెలియకుండా పది నిమిషాలు సెల్ఫ్ కొడితే మాత్రం చేసిన పనంతా మళ్లీ మొదటికి రావచ్చు. అందుకే ఇక్కడ పరీక్షల వరుస ఏ తప్పు ఎక్కువ జరుగుతుందన్న లెక్కతో పెట్టలేదు. ఏ తప్పు ఇంజన్‌ను పాడుచేస్తుందో దాన్ని ముందు తేల్చుకునేలా పెట్టాను.

ఇంకో మాట. రోజూ తిరిగే బండి ఒక పొద్దున మొరాయిస్తే ఏదో అరిగింది, ఏదో కాలింది అనుకోవాలి. విప్పి బిగించిన బండి సంగతి వేరు. విప్పకముందు పనిచేసిన పెట్రోల్ పంపు, కాయిళ్లు, సెన్సర్లు షెడ్డులో ఉన్న వారంలోనే కలిసికట్టుగా చచ్చిపోవు. తప్పు దాదాపు ఎప్పుడూ చెయ్యి పడిన చోటే ఉంటుంది. కాబట్టి కొత్త కాయిల్ కొనకండి, కొత్త సెన్సర్ కొనకండి. కొత్త పార్టు వేసిన ప్రతిసారీ అనుమానించాల్సినవాటి జాబితాలో ఒకటి పెరుగుతుంది, అంతే. దాని బదులు ఒక కాగితం తీసుకుని ఈ పనిలో ఏమేం విప్పారో, ఏ కనెక్టర్ తీశారో, ఏ వైరు పక్కకు జరిపారో అన్నీ రాయండి. విప్పేముందు ఫోన్లో ఫొటోలు తీసి ఉంటే మీ పని సగం తేలికైనట్టే.

నేను మొదటిసారి హెడ్ గాస్కెట్ మార్చినప్పుడు ఈ కాగితం రాయలేదు. తాళం తిప్పితే 'టక్' అంటుంది, సెల్ఫ్ బద్ధకంగా అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. పక్క బండి బ్యాటరీ తెచ్చి పెట్టాను, అదే వరస. కొత్త రింగుల బిగువేమో అనుకున్నాను, కానీ నేను రింగులు మార్చనే లేదు! సెల్ఫ్ మోటారే పోయిందని దాన్ని విప్పబోతూ గేర్ కేబుల్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. గంట నుంచి కదలని బండిలో గేర్ కేబుల్ ఎందుకు వేడెక్కుతుంది? ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండాల్సిన ఎర్త్ పట్టీ బిగించలేదు. దాని చివరి రింగు వైరింగ్ కట్ట కింద వేలాడుతూ ఉంది. నల్లటి గ్రీజు పట్టి, గేర్ బాక్స్ బ్రాకెట్‌లో ముక్కలా కనిపిస్తోంది. సెల్ఫ్‌కు కావాల్సిన వందల ఆంపియర్ల కరెంటు పాపం ఆ సన్నని కేబుల్ గుండా దారి వెతుక్కుంది. పది మిల్లీమీటర్ల బోల్టు ఒకటి బిగించాక బండి మొదటి తిప్పుకే అందుకుంది.

మొదటి మెట్టు: సెల్ఫ్ కాదు, చేత్తో తిప్పండి

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పండి. క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే అడుగు షాఫ్టు) పుల్లీ బోల్టుకు సాకెట్ తగిలించి, ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కులోనే మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. పుల్లీ వైపు నుంచి చూస్తే చాలా ఇంజన్లు గడియారం ముల్లు దిక్కుకే తిరుగుతాయి. కొన్ని పాత హోండా ఇంజన్లు మాత్రం ఎదురు దిక్కుకు తిరుగుతాయి, మాన్యువల్ ఒకసారి చూసుకోండి. రెండు చుట్లు ఎందుకంటే, క్రాంక్ రెండుసార్లు తిరిగితేనే క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) ఒకసారి తిరిగి ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది.

వాల్వ్ స్ప్రింగుల వల్ల అక్కడక్కడ బరువుగా, ఆ వెంటనే తేలికగా అనిపించడం మామూలే. కొత్త రింగులు, కొత్త బేరింగులు వేసి ఉంటే మొత్తం మీదే కాస్త బిగువుగా ఉంటుంది. కానీ గోడకు తగిలినట్టు ఒకేచోట ఖచ్చితంగా ఆగిపోతే అక్కడితో ఆపేయండి. రాచెట్‌కు పైపు తొడిగి బలం పెట్టొద్దు. వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు, ప్లగ్గు రంధ్రంలోంచి నట్టో వాషరో జారి ఉండొచ్చు, టైమింగ్ పెట్టేటప్పుడు దూర్చిన లాకింగ్ పిన్ను తీయడం మరిచి ఉండొచ్చు. మెల్లగా చేత్తో తిప్పినప్పుడు తగిలితే వాల్వు బతికే అవకాశం ఉంది. సెల్ఫ్‌తో తగిలితే వంగినట్టే.

తిప్పుతున్నప్పుడు ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పండి, ముఖం దగ్గరగా పెట్టకండి. కూలెంటో పెట్రోలో లోపల నిలిచి ఉంటే చిమ్ముకుంటూ బయటికి వస్తుంది. హెడ్డు దించినప్పుడు బ్లాకులోని కూలెంట్ సిలిండర్లలోకి జారడం చాలా మామూలు విషయం. ద్రవం నలగదు కాబట్టి ప్లగ్గులు బిగించి ఉండగా సెల్ఫ్ కొడితే ఆ బరువంతా రాడ్ మీదే పడుతుంది.

రెండో మెట్టు: ముందు ఆయిల్ పైకి ఎక్కాలి

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. పని జరిగిన ఇంజన్‌లో ఆయిల్ పంపు, ఆయిల్ దారులు, ఫిల్టరు అన్నీ ఖాళీగా ఉంటాయి. బేరింగుల మీద బిగించేటప్పుడు పూసిన ఆయిలే ఉంటుంది. అందుకే ప్లగ్గులు ఇంకా బయటే ఉండగా బ్యాటరీ తగిలించి, కాయిల్ కనెక్టర్లు పీకి, ఇంజెక్టర్ ఫ్యూజు తీసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. మధ్యలో నిమిషం, రెండు నిమిషాలు ఆగండి, లేకపోతే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది. మీటర్లో ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిపోయేదాకా ఇలా చేయాలి. ప్లగ్గులు లేవు కాబట్టి ఇంజన్ తేలికగా, వేగంగా తిరుగుతుంది.

ఐదారు సార్లు కొట్టినా లైటు ఆరకపోతే మొదట ఆ స్విచ్ కనెక్టర్ పెట్టారా లేదా చూడండి. అది బాగానే ఉంటే ఆయిల్ మట్టం, ఫిల్టరు, పంపు పికప్ పైపు వరుసగా చూడాలి. ఆ సంగతి తేలకుండా స్టార్ట్ చేసే ప్రయత్నం వద్దు.

సెల్ఫే తిరగకపోతే

మల్టీమీటర్ చేతిలోకి తీసుకోండి. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 ఉంటే సగమే ఉందని అర్థం, ముందు ఛార్జింగ్ పెట్టండి. వారాల తరబడి షెడ్డులో ఉన్న బండికి ఇది మామూలే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే ఆ బ్యాటరీతో మిగతా పరీక్షలు చేయడం దండగ.

బ్యాటరీ బాగుంటే ఎర్త్ చూడాలి. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస ఇంజన్ మీద శుభ్రంగా ఉన్న ఇనుము మీద పెట్టి, ఎవరినైనా తాళం తిప్పమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేనట్టే. నా బండిలో ఆ రోజు ఇది 4 వోల్టులు దాటింది. ఇదే పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా కూడా చూడండి. ఎర్త్ బిగించే చోట కొత్తగా పెయింట్ వేసి ఉంటే గీకేయండి. బ్లాకుకు ముద్దుగా రంగు వేయించి, ఆ రంగు మీదే ఎర్త్ బిగించినవాళ్లు ఉన్నారు.

రెండు వైపులా కరెంటు బాగుండి కూడా సెల్ఫ్ నుంచి చప్పుడే లేకపోతే సోలెనాయిడ్‌కు (సెల్ఫ్ మీద ఉండే కరెంటు స్విచ్‌కు) వెళ్లే సన్నని వైరు చూడండి. సెల్ఫ్ విప్పి బిగించినప్పుడు మరిచిపోయేది అదే. ఆటోమేటిక్ బండిలో గేర్ పొజిషన్ స్విచ్, మాన్యువల్‌లో క్లచ్ స్విచ్ కనెక్టర్లు కూడా గేర్ బాక్స్ దించినప్పుడు ఊడేవే. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు ఉన్న లైటు గబగబా కొట్టుకుంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు) తాళాన్ని గుర్తించడం లేదని అర్థం.

తిరుగుతోంది, అందుకోవడం లేదు: ముందు వినండి

మీటర్లు, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్లు రాకముందు నుంచీ మెకానిక్కుల చేతిలో ఉన్న పరికరం చెవి. ప్లగ్గులు బిగించి, కాయిల్ కనెక్టర్లూ ఇంజెక్టర్ ఫ్యూజూ తిరిగి పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ 'ర్ర, ర్ర, ర్ర, ర్ర' అని సమానమైన దరువుతో తిరుగుతుంది. ప్రతి దరువూ ఒక సిలిండర్ గాలిని నొక్కుతున్న చప్పుడు. ఆ దరువు సమానంగా ఉంటే కంప్రెషన్ మరీ ఘోరంగా లేదు, కరెంటూ పెట్రోలూ వైపు వెళ్లండి.

దరువే లేకుండా 'జుయ్య్య్' అని, ప్లగ్గులు విప్పినప్పుడు తిరిగినంత హాయిగా తిరుగుతోందా? ఏ సిలిండర్లోనూ కంప్రెషన్ లేదు. టైమింగ్ బెల్ట్ (క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పేది) చాలా పళ్లు తప్పింది, లేదా వాల్వులు పూర్తిగా మూసుకోవడం లేదు. సెల్ఫ్ ఆపి నేరుగా కింద టైమింగ్ దగ్గరికి వెళ్లిపోండి. మూడు దరువులు వచ్చి నాలుగోది జారిపోతున్నట్టుంటే ఒక్క సిలిండర్లోనే లోపం. కానీ ఒక్క సిలిండర్ పనిచేయకపోయినా నాలుగు సిలిండర్ల ఇంజన్ వణుకుతూనైనా అందుకోవాలి. అందుకోవడం లేదంటే అది కాక ఇంకోటి కూడా ఉంది.

ఇంజన్ తిరుగుతున్నట్టు కంప్యూటర్‌కు తెలుసా?

ఇది పావుగంటలో తేలే విషయం, కానీ ఎంతోమంది చివర్లో చూస్తారు. స్కానర్ తగిలించి సెల్ఫ్ కొడుతూ ఇంజన్ ఆర్‌పీఎం చూడండి. 150 నుంచి 250 మధ్య ఏదో ఒక అంకె కనిపించాలి. సున్నా ఉంటే క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ రావడం లేదు. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కే తెలియనప్పుడు అది కరెంటూ ఇవ్వదు, ఇంజెక్టర్లూ తెరవదు. స్కానర్ లేకపోతే సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం మీటరు ముల్లు చూడండి. చాలా బండ్లలో అది కొద్దిగానైనా లేస్తుంది.

క్రాంక్ సెన్సర్ చాలావరకు కింద పుల్లీ దగ్గరో, గేర్ బాక్స్ కలిసే చోటో ఉంటుంది. గేర్ బాక్స్ ఎక్కించేటప్పుడు వైరు మధ్యలో నలిగి ఉండొచ్చు. సెన్సర్ పూర్తిగా లోపలికి కూర్చోక గ్యాప్ పెరిగి ఉండొచ్చు. ఫ్లైవీల్ మీది పళ్ల చక్రానికి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి బోల్టులు బిగించి ఉంటే ఒక పన్ను వంగి ఉండొచ్చు. కొన్ని ఇంజన్లలో క్యామ్ సెన్సర్ కనెక్టరూ క్రాంక్ సెన్సర్ కనెక్టరూ ఒకే ఆకారంలో ఉంటాయి, వైర్లు రెండూ అటూ ఇటూ అందుతాయి. ఓ స్నేహితుడి బండిలో అవి తారుమారై ఒక ఆదివారం మొత్తం మింగేశాయి.

కోడ్లు చదివితే పి0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌ది, పి0340 క్యామ్ సెన్సర్‌ది. పి0016 వస్తే జాగ్రత్త: క్రాంకూ క్యామూ ఒకదానికొకటి పొంతన లేకుండా తిరుగుతున్నాయని కంప్యూటర్ చెబుతోంది. ఆ కోడ్ చూశాక సెన్సర్ మార్చడం కాదు, టైమింగ్ కవర్ విప్పడమే పని.

ప్లగ్గు విప్పితే సగం తెలుస్తుంది

పది సెకన్లు సెల్ఫ్ కొట్టి వెంటనే ఒక ప్లగ్గు విప్పండి. తడిగా పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ అందుతోంది, కరెంటు రావడం లేదు లేదా రావాల్సిన సమయానికి రావడం లేదు. ఎండిపోయి ఉంటే పెట్రోలే రావడం లేదు.

తడిగా ఉంటే స్పార్క్ టెస్టర్ వాడండి. క్లిప్పు ఇంజన్ ఇనుముకు పెట్టి చూసే ఆ చిన్న సాధనమే మేలు. ప్లగ్గును చేత్తో పట్టుకుని చూసే అలవాటు మానుకోండి. ఇప్పటి కాయిళ్లు 30,000 వోల్టులు దాటి ఇస్తాయి. పైగా తెరిచి ఉన్న ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికి వస్తుంటుంది, పక్కనే నిప్పురవ్వ. అందుకే ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంజెక్టర్ ఫ్యూజు తీసే ఉండాలి.

ఏ సిలిండర్‌కూ స్పార్క్ లేకపోతే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి: ఫ్యూజు, రిలే, కాయిళ్ల పవర్, ఇంజన్ వైరింగ్ ఎర్త్. ఈ చివరిది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ ఎర్త్ వేరు, వైరింగ్ కట్టలోంచి హెడ్డుకో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కో వచ్చే సన్నని ఎర్త్ వైర్లు వేరు. హెడ్డు దించిన బండిలో వీటిని విప్పక తప్పదు. బిగించేటప్పుడు మాత్రం అవి మానిఫోల్డ్ వెనకాల ఎక్కడో ఇరుక్కుని కనబడవు. ఫోన్ లైటు వేసి, చెయ్యి పెట్టి, వేళ్లతో తడిమి వెతకండి.

స్పార్క్ ఉండి కూడా అందుకోకపోతే అది వెళ్లాల్సిన సిలిండర్‌కే వెళ్తోందా? వరసగా ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువ వాటికి ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ప్లగ్గు వైర్లు ఉన్న బండిలో రెండు వైర్లు తారుమారైతే ఇన్‌టేక్‌లోంచి 'ఠప్' అని పేలుతుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచేది) ఉన్న పాత బండిలో అది సరిగ్గా అర చుట్టు తప్పి కూర్చోవడం అన్నిటికంటే మామూలు తప్పు. ఎందుకంటే ఒకటో పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది: ఒకసారి గాలిని నొక్కుతూ, ఇంకోసారి పొగను బయటికి తోస్తూ. పుల్లీ మార్కు రెండుసార్లూ ఒకేలా ఉంటుంది. ఏది ఏదో తెలియాలంటే ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టి ఎవరినైనా పుల్లీ తిప్పమనండి. గాలి వేలిని తోస్తూ మార్కు దగ్గరికి వచ్చిందంటే అదీ కంప్రెషన్. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఒకటో నంబర్ వైరును చూస్తూ ఉండాలి.

ప్లగ్గు ఎండిపోయి ఉంటే తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. చాలా బండ్లలో పంపు రెండు సెకన్లు 'గుయ్' అని ఆగుతుంది. చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే. చప్పుడు ఉండి పెట్రోల్ రాకపోతే ప్రెషర్ కొలవాలి. ఇన్‌టేక్‌లోకి చిమ్మే మామూలు ఇంజెక్షన్ బండ్లలో అది సాధారణంగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. మీ బండి అసలు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. పోయే పైపు, తిరిగొచ్చే పైపు ఒకదాని చోట ఒకటి తగిలించడం కూడా జరుగుతుంది. నెలల తరబడి ఆగిన బండి అయితే పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోయడమే మంచిది.

ఎక్కువసార్లు సెల్ఫ్ కొట్టి ప్లగ్గులు పెట్రోల్‌లో మునిగిపోతే వాటిని ఆరబెట్టి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. అలా తొక్కినప్పుడు చాలా ఇంజెక్షన్ బండ్లు పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపిస్తాయి. లోపలి తడి ఆరిపోతుంది.

గాలి సంగతి ఒక్క మాటలో: దుమ్ము పడకుండా ఇన్‌టేక్‌లో కుక్కిన గుడ్డ తీశారా?

టైమింగ్: అసలు చిక్కు ఇక్కడే

బెల్టో చైనో విప్పిన పని అయితే, పైవన్నీ బాగున్నా అందుకోకపోతే, కవర్ మళ్లీ విప్పాలి. బాధగానే ఉంటుంది, కానీ బయట నుంచి ఊహించి తేలేది కాదు.

ఒక్క పన్ను తప్పితే ఏమవుతుందిలే అంటారు. లెక్క వేద్దాం. క్యామ్ చక్రానికి 48 పళ్లు ఉన్నాయనుకోండి. ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర 7.5 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 15 డిగ్రీలు. ఒక పన్ను తప్పినా చాలా ఇంజన్లు అందుకుంటాయి, కానీ బలం లేకుండా, వణుకుతూ నడుస్తాయి. రెండు మూడు పళ్లు తప్పితే అందుకోవు, కొన్నిటిలో వాల్వులు తగులుతాయి.

చూడాల్సిన వరుస ఇది:

1. ఒకటో పిస్టన్ నిజంగా పైన ఉందా? పుల్లీ మార్కును గుడ్డిగా నమ్మకండి. పుల్లీలోని రబ్బరు జారితే మార్కు కూడా జారుతుంది. ప్లగ్గు రంధ్రంలో పొడుగు ప్లాస్టిక్ స్ట్రా పెట్టి అది పైకి లేచి ఆగే చోటు చూడండి.

2. క్రాంక్ చక్రం మీద చుక్క, బ్లాకు మీది గీతకు ఎదురుగా ఉండాలి. చక్రం మీద చుక్కలు రెండు ఉంటే ఏది టైమింగ్‌దో మాన్యువల్‌లో చూడండి. క్రాంక్ కీ విరిగి, చక్రం ఊరికే తిరుగుతోందా అన్నది కూడా ఇప్పుడే చూసేయండి.

3. క్యామ్ చక్రాల మార్కులు కలవాలి. రెండు క్యామ్‌లు ఉంటే ఇన్‌టేక్‌ది, ఎగ్జాస్ట్‌ది తారుమారు కాలేదు కదా?

4. బెల్ట్ లూజు అంతా టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది) వైపే ఉండాలి. క్రాంక్ నుంచి క్యామ్‌ను లాగే వైపు బిగువుగా ఉండాలి. టెన్షనర్ వదిలాక అవతలి వైపు లూజు బిగుసుకుంటూ క్యామ్‌ను ఒక పన్ను లాగేయడమే చాలా తప్పులకు మూలం. టెన్షనర్ పిన్ను లాగడం మరిచిపోతే బెల్ట్ మొత్తం లూజుగానే ఉండిపోతుంది.

5. చేత్తో రెండు చుట్లు తిప్పి మార్కులన్నీ మళ్లీ చూడండి. ఇక్కడ కలిస్తేనే కలిసినట్టు.

చైన్ ఉన్న బండి అయితే ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. చైన్ మీది రంగు లింకులు బిగించేటప్పుడు మార్కులకు ఎదురుగా పెడతాం. రెండు చుట్లు తిప్పాక ఆ లింకులు అక్కడికి రావు, రాకూడదు కూడా. మళ్లీ కలవడానికి ఎన్నో చుట్లు పడుతుంది. చక్రాల మార్కులు కలిశాయా లేదా అన్నదే చూడాలి. ఇది తెలియక సరిగ్గా పెట్టిన చైన్‌ను గాభరాపడి విప్పినవాళ్లను చూశాను.

కంప్రెషన్, ట్యాపెట్లు

ప్లగ్గులన్నీ విప్పి, కరెంటూ పెట్రోలూ కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి ఐదారు దరువులు కొట్టండి. పెట్రోల్ ఇంజన్లలో 10 నుంచి 14 బార్ మధ్య ఉండటం సాధారణం. 7 కంటే తక్కువైతే అందుకోవడం కష్టం. అంకె కంటే పోలిక ముఖ్యం. అన్నీ సమానంగా తక్కువగా ఉంటే టైమింగ్. పక్కపక్కనున్న రెండిటిలో మాత్రమే లేకపోతే వాటి మధ్య గాస్కెట్ పట్టలేదు. ఒక్కదాన్లోనే లేకపోతే ఒక చెంచాడు ఆయిల్ ఆ రంధ్రంలో పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వు. కొత్త రింగులు సర్దుకునేదాకా కంప్రెషన్ కాస్త తక్కువ చూపిస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

వాల్వులు గ్రైండింగ్ చేయించాక కంప్రెషన్ పోయిందంటే నా మొదటి అనుమానం ట్యాపెట్ల (క్యామ్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉండే ముక్కల) మీదే. వాల్వూ సీటూ అరగదీసినకొద్దీ వాల్వు ఇంకా లోతుగా కూర్చుంటుంది, దాని కాడ ఆ మేరకు పైకి లేస్తుంది. పైన క్యామ్‌కూ కాడకూ మధ్య ఉండాల్సిన సందు తగ్గిపోతుంది, కొన్నిసార్లు మాయమే అవుతుంది. అప్పుడు వాల్వు ఎప్పుడూ వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. కొలిచి, షిమ్ములు (సందు సర్దే పలుచటి బిళ్లలు) మార్చి సరిచేయాలి.

హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో సందును తామే సర్దుకునే ట్యాపెట్లు) ఉన్న ఇంజన్‌లో ఇదే లక్షణం ఇంకో కారణంగా వస్తుంది. బయట ఆయిల్‌లో నానబెట్టి నిండుగా నింపిన లిఫ్టర్లను క్యామ్ కింద బిగిస్తే అవి వెంటనే కుదించుకోవు, వాల్వులను తెరిచే పట్టుకుంటాయి. వాటిలోని ఆయిల్ మెల్లగా బయటికి వచ్చేదాకా ఆగాలి. ఇందుకే చాలా మాన్యువళ్లు క్యామ్ బిగించాక అరగంటో గంటో ఆగి తిప్పమంటాయి. రాత్రి అందుకోని బండి పొద్దున ఏమీ చేయకుండానే అందుకుందని చెప్పే కథల్లో కొన్నిటి వెనక ఉన్నది ఇదే.

డీజిల్ బండి అయితే

ప్లగ్గు కరెంటు లేదు, కాబట్టి డీజిలూ కంప్రెషనూ టైమింగే. ఫిల్టరో పైపులో విప్పి ఉంటే ముందుగా లైనులో గాలి పట్టి ఉంటుంది. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా కొట్టండి. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపులోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే) ఇంజన్లలో రైల్ ప్రెషర్ సరిపడా ఎక్కేదాకా కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆ అంకె చూడండి, చాలా బండ్లకు 200 బార్ పైచిలుకు కావాలి. పాత డీజిల్ ఇంజన్లలో చేసినట్టు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి గాలి తీయడం ఇక్కడ పనికిరాదు. ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలాంటి గాయం పైకి చిన్న చుక్కలా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అందుకుని వెంటనే ఆగిపోతే

ఇది మంచి వార్తే, చాలా దూరం వచ్చేశారు. రెండు సెకన్లు నడిచి ప్రతిసారీ ఒకేలా ఆగిపోతే ఇమ్మొబిలైజర్. యాక్సిలరేటర్ తొక్కితే నడిచి, వదిలితే ఆగిపోతే ఎయిర్ ఫ్లో సెన్సర్ తర్వాత ఎక్కడో గాలి లోపలికి పోతోంది: ఊడిన వ్యాక్యూమ్ పైపు, బ్రేక్ బూస్టర్ పైపు, సరిగా కూర్చోని ఇన్‌టేక్ గాస్కెట్. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసినా, బ్యాటరీ చాలా రోజులు తీసి ఉంచినా కొన్ని బండ్లకు థ్రాటిల్ మళ్లీ నేర్పించాలి. ఆ పద్ధతి బండి బండికీ మారుతుంది.

అందుకున్నాక మొదటి పావుగంట

ఆయిల్ లైటు ఐదు సెకన్లలోపు ఆరిపోవాలి, లేకపోతే ఆపేయండి. లిఫ్టర్ల టిక్‌టిక్ కొన్ని నిమిషాలు ఉండొచ్చు. ఎగ్జాస్ట్‌లో తెల్ల పొగ, మానిఫోల్డ్ మీద ఒలికిన ఆయిల్ కాలే వాసన కూడా కాసేపు మామూలే. పొగ పావుగంట దాటినా తగ్గకుండా, తియ్యటి కూలెంట్ వాసన వస్తుంటే గాస్కెట్ గురించి ఆలోచించాలి. టెంపరేచర్ ముల్లు మీద కన్ను ఉంచండి. కూలెంట్‌లో చిక్కుకున్న గాలి బయటికి వస్తున్నకొద్దీ మట్టం పడిపోతుంది. ఇంజన్ వేడెక్కినా లోపల హీటర్‌లోంచి చల్లగాలే వస్తుంటే ఇంకా గాలి ఉన్నట్టే. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూసి బండి ఆపేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి తగ్గినంత కూలెంట్ పోయండి. తర్వాత కింద ఒక అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేస్తే, పొద్దున దాని మీద పడిన మరకను బట్టి ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది.